నెలకో కాగితం, ఇంటింటికీ ఓ పలకరింపు

మీ కాలనీలో డెబ్భై దాటినవాళ్లు ఎంతమంది? వాళ్లలో ఒంటరిగా ఉంటున్నదెవరు? పిల్లలు డాలస్‌లోనో బెంగళూరులోనో ఉంటే, ఇక్కడ బీపీ మాత్రలు తెచ్చిపెడుతున్నదెవరు? ఈ మూడింటికీ తడుముకోకుండా జవాబు చెప్పగలిగేవాళ్లు తక్కువ. అలా చెప్పగలిగే మనిషిగా మారడానికి ఓ మంచి మార్గం ఉంది. నెలకోసారి ఒక్క కాగితాన్ని రెండువైపులా అచ్చువేయించి, పెద్దవాళ్లున్న ప్రతి ఇంటికీ మీ చేత్తో అందించండి.

కాలనీ పత్రిక అనండి, సమాచార పత్రం అనండి, పేరేదైనా పని గొప్పది. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో ఇచ్చిన నివేదిక చెప్పింది. దానివల్ల గుండెజబ్బు, పక్షవాతం ముప్పు కూడా పెరుగుతుందని హెచ్చరించింది. అలాంటివాళ్లు మన వీధిలోనూ ఉంటారు. వాళ్ల తలుపు తట్టడానికి మనకో కారణం కావాలి. ఆ కారణమే ఈ కాగితం.

వాట్సాప్ గ్రూపు చాలదా?

ఆ గ్రూపును అలాగే ఉండనివ్వండి. కానీ శుభోదయాలు, దేవుడి పటాలు, ఫార్వర్డ్‌ల మధ్య కంటి శిబిరం కబురు ఒకసారి పైకి పోయిందంటే వెతికి పట్టుకోవడం కష్టం. చాలామంది పెద్దల చేతిలో ఉన్నది బటన్ ఫోనే. స్మార్ట్‌ఫోన్ ఉన్నా ఆ చిన్న అక్షరాలు కళ్లకు ఆనవు. కాగితాన్ని క్యాలెండర్ పక్కన మేకుకు తగిలిస్తే నెలంతా కళ్లెదుటే ఉంటుంది. చూపు సరిగా లేనివాళ్లు ఇంటికొచ్చినవాళ్లతో చదివించుకుంటారు.

ఏం రాయాలి?

నాలుగు శీర్షికలు చాలు: తేదీలు, హక్కులు, జాగ్రత్తలు, మనుషులు.

తేదీలంటే ఆ నెలలో మరచిపోకూడని పనులు. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లు లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాల్సింది నవంబరులో. 80 నిండినవాళ్లకు అక్టోబరు 1 నుంచే వీలుంది. బ్యాంకుకు వెళ్లలేనివాళ్లు ఫోన్‌లో ముఖం చూపించి జీవన్ ప్రమాణ్ అనే డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్ పంపవచ్చు. రాష్ట్ర పెన్షనర్ల గడువులు వేరు కాబట్టి ట్రెజరీలో కనుక్కున్నాకే వేయండి.

హక్కుల దగ్గర పెద్దలకు తెలియనివి చాలా ఉంటాయి. 70 ఏళ్లు నిండినవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా ఉచిత వైద్యం ఇచ్చే ఆయుష్మాన్ వయో వందన కార్డు 2024 అక్టోబరు 29న మొదలైంది. తల్లిదండ్రుల పోషణ చట్టం 2007 నుంచీ ఉంది. బాగా చూసుకోవాలన్న షరతుతో పిల్లలకు ఇల్లు రాసిచ్చాక వాళ్లు మాట తప్పితే, ఆ గిఫ్ట్ డీడ్‌ను రద్దు చేయమని ఈ చట్టం కింది ట్రైబ్యునల్‌ను అడగవచ్చు. ఈ సంగతి తెలియక మనసులోనే కుమిలిపోయేవాళ్లు ఎందరో.

జాగ్రత్తల్లో రెండు నంబర్లు ప్రతి సంచికలోనూ పెద్ద అక్షరాల్లో ఉండాలి. సైబర్ మోసానికి 1930. వృద్ధుల సహాయానికి ఎల్డర్‌లైన్ 14567. వాటి కింద ఒక్క వాక్యం: ‘డిజిటల్ అరెస్ట్ అనేది మన చట్టంలోనే లేదు, వీడియో కాల్‌లో ఎవరు బెదిరించినా ఫోన్ పెట్టేయండి.’ ఒకరి జీవితకాలపు పొదుపు ఆ వాక్యంతో మిగలొచ్చు.

రాసే తీరు కూడా ముఖ్యమే. ‘ఆరోగ్య శిబిరాన్ని సద్వినియోగం చేసుకోగలరు’ అంటే ఎవరూ కదలరు. ఇలా రాయండి: ‘12వ తేదీ గురువారం ఉదయం 9 గంటలకు కమ్యూనిటీ హాల్లో కంటి పరీక్ష. డబ్బు కట్టక్కర్లేదు. ఆధార్ కార్డు, పాత కళ్లజోడు తెచ్చుకోండి. నడవలేనివాళ్లు ముందురోజు చెబితే ఆటో పంపుతాం.’ ఎప్పుడు, ఎక్కడ, ఎంత, ఏం తేవాలి, ఎలా రావాలి. ఈ ఐదింటిలో ఏది తగ్గినా పెద్దవాళ్లు ‘ఎందుకొచ్చిన అవస్థ’ అని ఆగిపోతారు.

కంటికి ఇంపుగా ఉండాలి

అక్షరం 16 పాయింట్లకు తగ్గనివ్వకండి. మన లిపిలో ఒత్తులు కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి. వరసల మధ్య ఖాళీ లేకపోతే అన్నీ కలిసిపోతాయి. మండలి లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. తెల్ల కాగితంపై నల్ల సిరా చాలు. శుక్లాలున్న కంటికి రంగు మీద మరో రంగు అక్షరాలు అలికేసినట్టు కనిపించవచ్చు. నున్నటి మెరిసే కాగితం మీద లైటు వెలుగు పడి చూపు చెదురుతుంది. వీధి చివరి జిరాక్స్ షాపులో సాదా ఏ4 ప్రతులు తీయించండి. ఖర్చు కాలనీ సంఘం భరించవచ్చు, లేదా షష్టిపూర్తి చేసుకుంటున్నవారెవరైనా ఆ నెల సంచికను ఆనందంగా వేయిస్తారు.

వాళ్ల చేతే రాయించండి

నాలుగో శీర్షిక ‘మనుషులు’ పెద్దలదే. చిత్తూరు జిల్లాలో పొదుపు సంఘాల మహిళలు 2001లో ‘నవోదయం’ పత్రిక మొదలుపెట్టారు. వార్తలు సేకరించిందీ రాసిందీ పల్లె ఆడవాళ్లే. తమ బతుకుల గురించి తామే రాసుకున్నారు కాబట్టి ఆ పత్రికకు అంత బలం వచ్చింది. మన కాలనీ పెద్దలకూ ఇదే వర్తిస్తుంది. ఎప్పుడూ ఎవరో ఒకరు తమకు చెబుతుంటే వింటూ కూర్చునేవాళ్లు, ‘మీరు చెప్పండి, మేం అచ్చువేస్తాం’ అంటే నిటారుగా కూర్చుంటారు.

అడిగే తీరు తెలియాలి. ‘మీ అనుభవాలు చెప్పండి తాతగారూ’ అంటే ‘ఏముందయ్యా చెప్పడానికి’ అంటారు. ‘మీరు ఇల్లు కట్టుకున్న కొత్తలో మంచినీళ్లు ఎక్కణ్నుంచి తెచ్చుకునేవాళ్లు?’ అనండి. బోరింగు దగ్గర తెల్లవారుజామున బిందెల వరస, అక్కడి తగవులు, అక్కడే కుదిరిన సంబంధం, అన్నీ బయటికొస్తాయి. రిటైరైన లైన్‌మన్ వానాకాలంలో స్విచ్‌బోర్డు జాగ్రత్తలు చెబుతారు. పదిమందికి ఆవకాయ పెట్టిన మామ్మగారు కొలతలు చెబుతారు. కింద వాళ్ల పేరు తప్పకుండా వేయండి. అచ్చులో తన పేరు చూసుకున్న మనిషి ఆ కాగితాన్ని అమెరికాలో ఉన్న మనవడికి ఫొటో తీసి పంపిస్తారు.

గుమ్మంలో ఐదు నిమిషాలు

పేపర్ కుర్రాడితో వేయించొద్దు, తలుపు సందులోంచి తోసి వెళ్లిపోవద్దు. బెల్లు కొట్టి చేతికివ్వండి. ఈ పనికి ప్రాణం ఇక్కడే ఉంది. ‘అమ్మా, ఈ నెల కాగితం’ అంటూ నిలబడితే, మోకాలి నొప్పి ఎక్కువైందని తెలుస్తుంది. నిన్నటి పాలప్యాకెట్ గేటుకే వేలాడుతుంటే ఏదో తేడా ఉందని అర్థమవుతుంది. పోయిన నెల గలగలా మాట్లాడిన పెద్దాయన ఈసారి పొడిపొడిగా తలూపితే, మర్నాడు మళ్లీ వెళ్లాలని గుర్తుపెట్టుకుంటారు.

కొన్ని కట్టుబాట్లు తప్పనిసరి. ఎవరు ఒంటరిగా ఉంటున్నారో, ఎవరు మూడు నెలలు ఊళ్లో ఉండరో అచ్చులో పెట్టకండి, అది దొంగలకు దారి చూపడమే. డాక్టర్‌ను అడగకుండా చిట్కావైద్యాలు వేయకండి. రాజకీయాలకు, కుల సంఘాల కబుర్లకు చోటివ్వకండి. తప్పు అచ్చయితే వచ్చే సంచికలో మొదటి పేజీలోనే దిద్దండి.

మీకేం ఒరుగుతుంది?

వ్యక్తిత్వ వికాసం కోసం తరగతులకు వెళ్తాం. ఇక్కడ అదే శిక్షణ ప్రతి నెలా దొరుకుతుంది. ఒకటో తేదీకల్లా ఇవ్వాలన్న పట్టుదలతో సమయపాలన అలవడుతుంది. రెండు పేజీల్లో ఇమడ్చాలి కాబట్టి సూటిగా చెప్పడం వస్తుంది. నిజమో కాదో కనుక్కున్నాకే వేస్తారు కాబట్టి విన్నది నమ్మేసే అలవాటు పోతుంది. అన్నిటికంటే, ఎదుటిమనిషి చెప్పేది పూర్తిగా వినడం వస్తుంది. కొత్తగా రిటైరై ‘ఇక నాతో ఎవరికి పని’ అనుకుంటున్నవారికైతే ఇది చేతినిండా పని.

ఒక్కరే మోయకండి. సమాచారం సేకరించడానికి ఒకరు, టైపు చేయడానికి ఇంటర్ చదివే కుర్రాడో అమ్మాయో, పంచడానికి వీధికొకరు ఉంటే చాలు. ఆరో సంచికకల్లా మీరు ఊళ్లో లేకపోయినా పత్రిక ఆగకుండా వచ్చేలా చూడండి. అప్పుడే అది మీ పత్రికగా మిగలకుండా కాలనీ పత్రికవుతుంది.

ఈ ఆదివారం పెద్దలున్న పది ఇళ్లకు వెళ్లండి. ప్రతి ఇంట్లో ఒక్కటే అడగండి: ‘మీకు సమయానికి తెలియక ఇబ్బందిపడ్డ విషయం ఏమైనా ఉందా?’ ఆ పది జవాబులు రాసుకుని, వాటికి సరైన సమాచారం కనుక్కోండి. మీ మొదటి సంచిక సిద్ధమైనట్టే.