పండుగ సెలవులలో ప్రయాణం

సెలవుల ప్రకటన గోడపై కనబడిన మరునాటి నుండి వసతిగృహంలో పుస్తకాల మాట తగ్గి పెట్టెల మాట పెరుగుతుంది. ఇంటికి వెళ్ళాలన్న కోరిక అందరికీ ఒకే రోజున కలుగుతుంది. రైలు పెట్టెలు మాత్రం ఆ ఒక్క రోజు కోసం అంతగా పెరగవు. పండుగ ప్రయాణంలోని అలసటకు దూరం కంటె, ఆఖరి దినం వరకు ఆగి ఆ దినాన పరుగెత్తడమే ఎక్కువ కారణమని నా అభిప్రాయం.

మన ప్రాంతపు సంగతినే తీసుకొందాం. విజయవాడ నుండి చెన్నై వైపు పోయే ప్రధాన మార్గంపై తెనాలి, బాపట్ల రెండూ ఉన్నవి. రేపల్లె మాత్రం తెనాలిలో విడిపోయి వేమూరు, భట్టిప్రోలు మీదుగా సాగే శాఖామార్గం కొసన ఉన్నది. 1916లో ఏర్పడిన ఈ శాఖ నిడివి సుమారు 34 కిలోమీటర్లు. రేపల్లె నుండి బాపట్లకు సూటిగా రైలుమార్గం లేదు. తెనాలికి వచ్చి బండి మారవలసిందే. పటంపై చూస్తే ఇది త్రిభుజంలో రెండు భుజాలు చుట్టిరావడం వంటిది. మూడవ భుజం చెరుకుపల్లి మీదుగా పోయే 216వ జాతీయ రహదారి. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడి రేపల్లె అందులో చేరిన పిమ్మట జిల్లా కార్యాలయాల పనికి వెళ్ళేవారికి కూడా ఇదే దారి. ఈ రెండు ఊళ్ళ మధ్య బంధువులను చూడబోయేవారు రైలును మరచి బస్సెక్కడమే మేలు.

నేను హైదరాబాదులో చదివే రోజులలో ఒక రంజాన్ పండుగ ముందు దినాన బయలుదేరాను. తెనాలిలో దిగేసరికి రేపల్లె బండి వెళ్ళిపోయింది. బస్సులలో కాలు పెట్టే చోటు లేదు. ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి దాటింది. మా నాన్నగారు సైకిలు పట్టుకొని స్టేషనులోనే నిలబడి ఉన్నారు. అప్పటికి మా ఇంట ఫోను లేదు. రైలు ఆలస్యాన్ని చాలాకాలం నిందించాను. నిజానికి రెండు బండ్ల నడుమ ఇరవై నిమిషాల వ్యవధి మాత్రమే ఉంచుకొన్నవాడిని నేనే. కూడలి స్టేషనులో బండి మారేవారు తమ లెక్క ప్రకారం అందవలసిన బండికి ముందు బండిలో రావాలి. ఫలకంపై రెండు గంటలు కూర్చోవడం విసుగే గాని, ఆ రాత్రి మా నాన్నగారు పడిన బాధతో పోల్చదగినది కాదు.

ఇక టిక్కెట్టు. 2024 నవంబరు 1 నుండి రైల్వేవారు ముందస్తు రిజర్వేషను గడువును 120 రోజుల నుండి 60 రోజులకు తగ్గించారు. సంక్రాంతి ఎప్పుడు వచ్చేదీ ఏడాది ముందే తెలుసు. జనవరి 12న బయలుదేరదలచినవారు నవంబరు 13 ఉదయం 8 గంటలకు సిద్ధంగా ఉంటే చాలు. రంజాన్ సంగతి అట్లా కాదు. చాంద్రమాసం 29 దినాలో 30 దినాలో నెలవంక కనబడినప్పుడే తేలుతుంది. చాంద్రసంవత్సరం సుమారు 354 దినాలే కాబట్టి పండుగ ఏటేటా పది, పదకొండు దినాలు వెనుకకు జరుగుతుంది. మన దేశంలో 2024లో ఏప్రిల్ 11న, 2025లో మార్చి 31న పండుగ జరిగింది. రిజర్వేషను తెరుచుకొనే నాటికి ఉపవాసమాసమే మొదలు కాదు! షాబాను మాసపు నిడివిపై ఒక సందేహం, రంజాన్ మాసపు నిడివిపై మరొకటి. వెరసి రెండు మూడు దినాల తేడా.

ఇందుకు మన విద్యార్థులలో చాలామంది చేసే పని, నెలవంక వార్త కోసం ఆగడం. అది పొరపాటు. పండుగ దినాన్ని లెక్కపెట్టకండి. వీలైనంత త్వరగా రాగల ఇరవై తొమ్మిదవ ఉపవాస దినాన్ని అంచనా వేసి, దానికి ముందు దినానికే ఇల్లు చేరేటట్లు టిక్కెట్టు తీసుకోండి. చంద్రుడు ఆలస్యంగా కనబడితే అమ్మ దగ్గర మరొక దినం గడుస్తుంది, అంతే. తిరుగు ప్రయాణాన్ని పండుగ మరునాడు పెట్టుకోకండి. ఆనాడు వచ్చినవారంతా తిరిగి పోతారు. తత్కాల్ టిక్కెట్టు ప్రయాణానికి ముందు దినం ఏసీ తరగతులకు 10 గంటలకు, తక్కినవాటికి 11 గంటలకు తెరుచుకొంటుంది. దానిని ఆపద్ధర్మంగానే చూడాలి. చార్టు తయారైన తరువాత కూడా వెయిటింగు జాబితాలోనే మిగిలిన ఆన్‌లైన్ టిక్కెట్టు దానంతటదే రద్దవుతుంది. అది చేత పట్టుకొని రిజర్వేషను పెట్టె ఎక్కరాదు.

ఉపవాసంతో ప్రయాణించేవారు సూర్యాస్తమయం నాటికి ఖర్జూరాలు, నీళ్ళు చేతికందే చోట పెట్టుకోవాలి. పై బెర్తుమీది పెట్టె అడుగున ఉన్నవి ఆ వేళకు దొరకవు. ఇది అనుభవం మీద చెబుతున్న మాట.

పెద్దలను వెంట తీసుకొని పోయేవారు టిక్కెట్టులో వారి వయస్సు సరిగా వ్రాయాలి. 60 ఏండ్లు దాటిన పురుషులకు, 45 దాటిన స్త్రీలకు, ఉన్నంతలో, క్రింది బెర్తు ఇచ్చే ఏర్పాటు ఉన్నది. హైదరాబాదు వైపు పోయే ముసలివారిని తెనాలిలో ఎక్కించడం కంటె రేపల్లెలో ఎక్కించడం సుఖం. ప్రధాన మార్గపు బండి తెనాలిలో కొద్ది నిమిషాలే ఆగుతుంది. రేపల్లెలో మాత్రం బండి అక్కడి నుండే బయలుదేరుతుంది కాబట్టి తోపులాట లేకుండా మెల్లగా ఎక్కి, కూర్చొని, కిటికీలోనుండి మనుమలతో నాలుగు మాటలు చెప్పే వ్యవధి ఉంటుంది.