హాజరు కొనుక్కుని టీచర్ కావచ్చా?

సమస్య

నాకు 33 ఏళ్లు. పుట్టింది, టెన్త్ దాకా చదివింది సిరిసిల్లలో. మా బాపు సాంచెల మీద పనిచేసేవాడు. బీఎస్సీ ఎంపీసీ అయ్యాక పెళ్లయి కోరుట్లకు వచ్చాను. మా ఆయన దుబాయ్‌లో ఉంటారు. నేను ఇక్కడ ఒక ఫైనాన్స్ ఆఫీసులో లెక్కలు రాస్తాను. సాయంత్రం మా పాపతోపాటు వాడకట్టు పిల్లలు నలుగురైదుగురు లెక్కలు చెప్పించుకుంటారు. ఆ గంట ముందు ఆఫీసు పని చప్పగా అనిపిస్తుంది. అందుకే ఎడ్‌సెట్ రాశాను. జగిత్యాలలో బీఈడీ సీటు వచ్చింది.

కాలేజీకి వెళ్తే అక్కడ ఒకాయన, "అక్కా, రోజూ రావడమెందుకు? కొంత కడితే హాజరు మేం చూసుకుంటాం. రికార్డులూ రాయించి ఇస్తాం. పరీక్షలకు వస్తే చాలు" అన్నాడు. జీతం పోకుండా పట్టా వస్తుంది కదా, ఒప్పుకొమ్మని మా ఆయన అంటున్నారు. అత్తమ్మ మాత్రం, "నేను బీడీలు చేసుకుంట పాపను చూసుకుంట, నువ్వు పోయి చదువుకో బిడ్డా" అంటోంది.

నాకూ ఒక అనుమానం ఉంది. ఏళ్ల తరబడి లెక్కలతోనే బతుకుతున్నాను. పిల్లలకు చెబుతూనే ఉన్నాను. ఇప్పుడు ఇరవై ఏళ్ల వాళ్ల మధ్య కూర్చుని చార్టులు, లెసన్ ప్లాన్లు రాస్తే కొత్తగా వచ్చేదేముంది? ఏం చేయమంటారు?
– ఒక సోదరి, కోరుట్ల

సలహా

అమ్మా, ముందు ఆ హాజరు బేరం సంగతి. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నిబంధనల ప్రకారం బీఈడీ రెండేళ్లు. ఏడాదికి కనీసం 200 పనిదినాలు. తరగతులకు 80 శాతం, ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం హాజరు ఉండాలి. మీరు కట్టే డబ్బుకు రసీదు రాదు. రేపు తనిఖీ వచ్చి మీ హాజరు గురించి అడిగితే ఆ డబ్బు తీసుకున్నాయన మీ పక్కన నిలబడడు. దూరవిద్యలో చేద్దామన్నా కుదరదు, అది ఇప్పటికే శిక్షణ పొందిన టీచర్ల కోసం పెట్టిన కోర్సు.

ఇక మీ అనుమానం. నాలుగో వంతు పెద్దదా, ఎనిమిదో వంతు పెద్దదా అని అడిగితే చాలామంది పిల్లలు ఎనిమిదో వంతే అంటారు. నాలుగు కన్నా ఎనిమిది పెద్దది కదా! జవాబు మీకు తెలుసు. పిల్లవాడు ఏ దారిన పోయి ఆ తప్పు దగ్గర తేలాడో పట్టుకోవడం వేరే విద్య. ఆఫీసులో తప్పు దొరికితే కొట్టేసి సరైన అంకె వేస్తారు. తరగతిలో ఆ తప్పు దగ్గరే పాఠం మొదలవుతుంది. విద్యా మనోవిజ్ఞానం, గణిత బోధన పద్ధతులు చదివేది అందుకే.

మీ ఇంటికొచ్చే నలుగురూ నేర్చుకోవాలనే వస్తారు. బడిలో నలభై మంది ఉంటారు. సగం మంది కిటికీలోంచి చూస్తుంటారు. మైక్రో టీచింగ్‌లో ఒక్క నైపుణ్యాన్నే తీసుకుని, ప్రశ్న అడగడం అనుకోండి, కొద్ది నిమిషాలు సహాధ్యాయుల ముందు సాధన చేయిస్తారు. ఆ తర్వాత ఇంటర్న్‌షిప్ మొదటి ఏడాది నాలుగు వారాలు, రెండో ఏడాది 16 వారాలు. పాఠం చెడిపోయినా పిల్లలకు నష్టం లేకుండా వెనక నుంచి సరిదిద్దే టీచరు ఉండేది అప్పుడే. ఉద్యోగంలో చేరాక ఆ అవకాశం ఉండదు. ఆ కాలేజీ ఆయన మానేయమంటున్నది సరిగ్గా ఆ వారాలనే.

చార్టులు, రికార్డుల్లో మొక్కుబడి వ్యవహారం ఉన్నమాట నిజమే. అయినా మీ రికార్డు మీరే రాయండి. వడ్డీ, శాతాల పాఠానికి మీ ఆఫీసు అనుభవాన్ని వాడుకోండి. పక్కనున్న ఇరవై ఏళ్ల వాళ్ల దగ్గర అది ఉండదు.

ఉద్యోగం విషయంలో మాత్రం భ్రమలొద్దు. తెలంగాణలో 2017 తర్వాత డీఎస్సీ నియామకాలు మళ్లీ 2024లోనే జరిగాయి. ఆ 11,062 పోస్టుల్లో స్కూల్ అసిస్టెంట్లు 2,629, అదీ అన్ని సబ్జెక్టులకూ కలిపి. ప్రాథమిక తరగతులకు చెప్పే ఎస్జీటీ పోస్టులు 6,508 ఉన్నా, ఆ తరగతులకు బీఈడీ చెల్లదని సుప్రీంకోర్టు 2023 ఆగస్టులో తేల్చింది. మీ వయసుకు ఇబ్బంది లేదు, 2024 నోటిఫికేషన్‌లో గరిష్ఠ పరిమితి 46 ఏళ్లు. ఇంకొకటి: స్థానికత చూసేది ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఎక్కడ చదివారన్న దాన్నిబట్టి. కోరుట్ల జగిత్యాల జిల్లాలో ఉన్నా, మీరు రాజన్న సిరిసిల్ల జిల్లా స్థానికులవుతారు. ఇక ఉపాధ్యాయ అర్హత పరీక్ష టెట్ పేపర్-2లో 150 మార్కులకు 30 శిశు వికాసం, బోధన పద్ధతులవే. అవి ఈ తరగతుల్లో చదివేవే.

రాజీనామాకు ముందు మీ ఆయనతో రెండేళ్ల ఖర్చు కాగితం మీద వేయండి: ఫీజు, జగిత్యాల బస్సు, పాప చదువు, ఆగిపోయే జీతం. సాయంత్రాలు ఇంట్లోనే చేయగల లెక్కల పని ఏమైనా ఇస్తారేమో మీ ఆఫీసులో అడగండి. ఆ రెండేళ్లు ఈదగలమనిపిస్తే చేరండి, రోజూ వెళ్లండి. కుదరదనిపిస్తే సీటు వదిలేసి ఉద్యోగంలోనే ఉండండి, సాయంత్రం పిల్లలకు చెప్పండి. అందులో చిన్నతనమేమీ లేదు. కానీ బడికి పోకుండా బడిపంతులమ్మ అయ్యే మూడో దారి పట్టకండి. చదువు చెప్పాలన్న ఇష్టంతో జీతం వదులుకోవచ్చు. ఉత్త పట్టా కోసమైతే మీకు ఈ కోర్సే అక్కర్లేదు. ఇంట్లో ఈ సంగతి ముందే అర్థం చేసుకున్నది మీ అత్తమ్మే. ఆ మాటే మీ ఆయనకూ చెప్పమనండి.