శరీర విజ్ఞానం - రోగ నిర్ధారణ ప్రయోగశాల

శరీర నిర్మాణ శాస్త్రాన్ని, శరీర ధర్మ శాస్త్రాన్ని విద్యార్థులు పలువురు పరీక్షల నిమిత్తమే వల్లించి, అవి ముగిసిన మరునాడే మరచిపోవడం మనం చూస్తూనే ఉన్నాము. కాని రోగ నిర్ధారణ ప్రయోగశాలలో పనిచేయదలచిన వారికి ఈ రెండు శాస్త్రాలు అడుగడుగునా అవసరమవుతాయి. భాషాబోధకులమైన మేము ఈ మాట చెప్పడం వింతగా తోచవచ్చు. అర్థం తెలియక అప్పజెప్పిన పద్యం ఎటువంటిదో, కారణం తెలియక పాటించే నియమమూ అటువంటిదే.

ముందుగా రక్తం సంగతి పరిశీలిద్దాం. శరీరం నుండి వెలువడినంత మాత్రాన రక్తం నిర్జీవం కాదు. గొట్టంలో సైతం రక్తకణాలు చక్కెరను వినియోగించుకొంటూనే ఉంటాయి. గది ఉష్ణోగ్రతలో అట్లే ఉంచినచో గంటకు సుమారు 5 నుండి 7 శాతం చక్కెర తగ్గిపోతుంది. అప్పుడు మధుమేహం ఉన్నవారికి సైతం లేదనే ఫలితం రావచ్చు. ఈ పరీక్షకు ఫ్లోరైడు కలిపిన గొట్టం వాడటానికి కారణమిదే. అయినా ఫ్లోరైడు పూర్తిగా పనిచేయడానికి ఒకటి రెండు గంటలు పడుతుంది గనుక జాప్యం తగదు.

ఎర్రకణాల లోపల పొటాషియం వెలుపలి ద్రవంలో కంటే 20 రెట్లకు పైగా ఉంటుంది. గొట్టాన్ని గట్టిగా కుదిపినా, సూది గుండా రక్తాన్ని బలంగా చిమ్మినా కణాలు పగిలి పొటాషియం బయటపడుతుంది. లేని ప్రమాదం ఉన్నట్లు ఫలితం వస్తుంది.

భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డులో ఫిస్కేతో కలిసి, ఫాస్పరస్‌ను రంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఆ పద్ధతి ఎంత గొప్పదైనా, సీరాన్ని కణాల నుండి సకాలంలో వేరుచేయకపోతే కణాలలోని ఫాస్ఫేటు దానిలో చేరి లెక్క తప్పుతుంది. నమూనా చెడిన తరువాత ఏ మేధావి పద్ధతీ దానిని బాగుచేయలేదు.

శస్త్రచికిత్సలో తీసిన కణజాలం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. రక్తప్రసారం ఆగగానే కణాలలోని ఎంజైములు ఆ కణాలనే జీర్ణించుకొనడం ఆరంభిస్తాయి. అందువల్ల ఆ ముక్కను వెంటనే, దానికి కనీసం 10 రెట్ల పరిమాణం గల 10 శాతం ఫార్మలిన్‌లో ఉంచాలి. రొమ్ము గడ్డను తీసినపుడు ఏది పైభాగమో, ఏది పక్కభాగమో తెలియడానికి వైద్యులు దారాలతో గుర్తులు పెడతారు. శరీర నిర్మాణం ఎరిగినవారు ఆ దారాన్ని భద్రపరుస్తారు. ఎరుగనివారు దానిని కత్తిరించి పారవేస్తే, అంచున మిగిలిన క్యాన్సరు ఏ వైపున ఉన్నదో చెప్పడం కష్టమవుతుంది.

రక్తాన్ని మరల తీయవచ్చు; కోసి తీసిన ముక్కను మరల తేలేము. కాబట్టి ప్రతి నియమంతో పాటు దాని కారణాన్ని కూడా బోధించడం అధ్యాపకుల విధి, అడిగి తెలుసుకొనడం విద్యార్థుల విధి. గొట్టంపై వ్రాసిన పేరుగల మనిషి వెలుపల బల్లపై కూర్చుని మన ఫలితం కోసమే ఎదురుచూస్తున్నాడని మరువరాదు.