నగరము, ఓటరు, ‘ఓటు బ్యాంకు’ – కర్నూలు ఎన్నికల నుండి ఒక పాఠము

ప్రజాస్వామ్యమునకు ఎన్నికలు ప్రాణము వంటివని పౌరశాస్త్ర గ్రంథములలో చదువుచున్నాము. కాని ఓట్ల లెక్కింపు ముగిసిన మరునాడు కళాశాల ఆవరణలోను, టీ దుకాణముల వద్దను వినవచ్చు మాటలు వేరు. “ఆ వీధివారందరు ఆ గుర్తుకే వేసినారు”, “ఫలానావారి ఓట్లు గంపగుత్తగా అటే పోయినవి” అని నిస్సంశయముగా తీర్పులు చెప్పుదురు. “మీవారందరు ఈసారి ఎటు?” అని మా విద్యార్థులను సైతము అడుగుచుందురు. ఇట్టి మాటలలో నిజమెంత, ఊహ యెంత అని విచారించుటయే ఈ వ్యాసమున మా ఉద్దేశము. ఇందుకు కర్నూలు నగరమును ఉదాహరణముగా గ్రహించుచున్నాము.

తుంగభద్ర, హంద్రీ నదుల ఒడ్డున వెలసిన ఈ నగరము 1953 అక్టోబరు 1 నుండి మూడేండ్లకు పైగా ఆంధ్ర రాష్ట్రమునకు రాజధానిగా నుండెను. ఇచటి వీధులలో తెలుగు, ఉర్దూ రెండును వినిపించును. వర్తకులు, ఉద్యోగులు, దినకూలీలు, చుట్టుపట్ల పల్లెల నుండి వచ్చి స్థిరపడినవారు ఇక్కడ కలసి జీవించుచున్నారు.

ఈ నియోజకవర్గపు శాసనసభ ఫలితములను వరుసగా చూతము. 1994లో మార్క్సిస్టు పార్టీ అభ్యర్థి ఎం.ఎ.గఫూర్ గెలిచిరి. 1999లో తెలుగుదేశము పక్షమున టి.జి.వెంకటేశ్, 2004లో మరల గఫూర్ గెలిచిరి. 2009లో వెంకటేశ్ తిరిగి వచ్చిరి. కాని ఈసారి కాంగ్రెసు అభ్యర్థిగా. 2014లో ఎస్.వి.మోహన్ రెడ్డి, 2019లో హఫీజ్ ఖాన్ వై.ఎస్.ఆర్. కాంగ్రెసు పక్షమున నెగ్గిరి. 2024లో తెలుగుదేశము అభ్యర్థి టి.జి.భరత్ విజయము పొందిరి.

ఈ పట్టిక మనకు మూడు విషయములు తెలుపుచున్నది. మొదటిది, పొత్తుల బలము. గఫూర్ పార్టీ మారలేదు. పార్టీ మిత్రులు మారిరి. 1994లో ఆ పార్టీకి తెలుగుదేశముతోను, 2004లో కాంగ్రెసుతోను పొత్తు ఉండెను. రెండవది, రాష్ట్రమంతట వీచిన గాలి. పై ఏడు ఎన్నికలలో ఆరింట, రాష్ట్రమున అధికారము పొందిన పక్షమో దాని మిత్రపక్షమో ఇచట గెలిచినది. 2014 ఒక్కటే ఇందుకు భిన్నము. మూడవది, అభ్యర్థి మతమే ఫలితమును నిర్ణయించునను మాట నిలువదు. ముస్లిం అభ్యర్థులు ఇచట గెలిచిరి, ఓడిరి. ఇతరులును అట్లే గెలిచిరి, ఓడిరి. 2009లో గఫూర్ పరాజయము పొందిన నగరమే 2019లో హఫీజ్ ఖాన్‌ను ఎన్నుకొనినది.

అయితే గెలుపోటములను చూచి నగరపు మనసంతయు మారినదని తలచుటయు పొరపాటే. మన పద్ధతిలో అందరికంటె ఎక్కువ ఓట్లు వచ్చినవారిదే స్థానము. 2024లో వై.ఎస్.ఆర్. కాంగ్రెసునకు రాష్ట్రమున 175 స్థానములలో 11 మాత్రమే దక్కినవి. కాని నూటికి దాదాపు 40 మంది ఓటర్లు ఆ పార్టీకే వేసిరి. 2019లో తెలుగుదేశమునకు 23 స్థానములే వచ్చినను ఓట్లు దాదాపు అంతే. కొద్దిమంది అటునుండి ఇటు జరిగినచో స్థానముల లెక్క తలక్రిందులగును. అధిక సంఖ్యాకులు ఉన్నచోటనే ఉండవచ్చును.

ఇక ‘ఓటు బ్యాంకు’ అను పదము. సామాజిక శాస్త్రవేత్త ఎం.ఎన్.శ్రీనివాస్ 1955లో మైసూరు ప్రాంతపు గ్రామమును గురించి వ్రాయుచు దీనిని వాడిరి. తనపై ఆధారపడినవారి ఓట్లను వేయించగల పెద్దమనిషిని గురించిన మాట అది. కాలక్రమమున అది పెద్దమనిషిని విడిచి, ఒక కులమునకో మతమునకో తగిలించు ముద్ర అయినది. మొదట ఆ మాటలో ఉన్నది ఓటరు నిస్సహాయత. నేడు అందున్నది ఓటరుపై నింద.

ఓటింగు యంత్రములు వచ్చిన పిదప పోలింగు కేంద్రముల వారీగా ఓట్ల మొత్తములు తెలియుచున్నవి. అవి పరిశోధకునకు ఉపయోగకరములే. కాని ఒక కేంద్రమున ఏ గుర్తునకు ఎన్ని వచ్చినవో తెలిసినంత మాత్రమున, ఎవరు దేనికి వేసిరో తెలియదు. ఒకే ఇంట తండ్రి ఒకదానికి, కుమార్తె వేరొకదానికి వేయవచ్చును. పైగా నగరపాలక సంస్థ పరిధి, నియోజకవర్గపు పరిధి ఒకటి కావు. నగరపు వార్డులు కొన్ని పాణ్యం, కోడుమూరు నియోజకవర్గములలో చేరియున్నవి. కనుక “నగరము ఇట్లు వేసినది” అను వాక్యమును సైతము జాగ్రత్తగా పలుకవలెను. ఆ మొత్తములనే పట్టుకొని “ఈ వీధి మనది కాదు” అని కుళాయిని, దీపమును, మురుగుకాలువను మరచు ప్రమాదమును గలదు. లెక్కను తప్పుగా చదివినచో శిక్ష పడునది వీధికి.

1951 ప్రజాప్రాతినిధ్య చట్టములోని 94వ విభాగము ప్రకారము, తాను ఎవరికి ఓటు వేసినది చెప్పుమని సాక్షిని న్యాయస్థానమునందును నిర్బంధింపరాదు. న్యాయస్థానమే అడుగరాని ప్రశ్నను టీ దుకాణమున అడిగినవారికి మన విద్యార్థి సమాధానము చెప్పనక్కరలేదు.

1989 నుండి ఓటు హక్కు 18 ఏండ్లకే లభించుచున్నది. మీలో పలువురు ఆ వయస్సు దాటినవారే. ముందుగా జాబితాలో పేరున్నదో లేదో చూచుకొనుడు. అభ్యర్థులు చేసిన పనిని, చెప్పిన మాటను సరిపోల్చుడు. పిదప మీ నిర్ణయము మీరు చేయుడు. “మీవారు ఎటు?” అని ఎవరైన ప్రశ్నించినచో, “మావారి మాట మాకు తెలియదు, మా ఓటు మాత్రము మేమే ఆలోచించి వేసితిమి” అని మర్యాదగా చెప్పుడు. ఈ పాఠమును చదివినందుకు అంతకు మించిన పరీక్ష లేదని మా అభిప్రాయము.