కొత్త కాంక్రీటు మెట్లకు చేపట్టు కమ్మి నిలుపుట

మన నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతపు గ్రామములలో ఇండ్లకును, గిడ్డంగులకును కాంక్రీటు మెట్లు పోయించుట నేడు సాధారణమైనది. సున్నపురాయి మన నేలలోనే కలదు. సిమెంటు జగ్గయ్యపేట వైపు కర్మాగారములలోనే తయారగుచున్నది. కాని పెక్కుచోట్ల ఆ మెట్ల ప్రక్కన చేపట్టు కమ్మి, అనగా రెయిలింగు, కానరాదు. 75 కిలోల వడ్ల బస్తాను ఒక చేతితో పట్టి దిగు హమాలీకి రెండవ చేతికి ఆధారము కావలెను. చూపు తగ్గిన వృద్ధులకు వానకు తడిసిన మెట్టు ఒక్కటి చాలును. తుంటి యెముక విరిగిన ముసలివారిలో పలువురు మరల మునుపటివలె నడువజాలరు.

అయితే కదలెడు కమ్మి, కమ్మి లేకుండుటకంటె హానికరము. కమ్మి లేనిచోట మనుష్యుడు చూచి అడుగు వేయును. ఉన్నచోట దానిని నమ్మి బరువు మోపును. ఆ నమ్మకమునకు తగిన బలము దాని మొదటనే ఉండవలెను.

కాంక్రీటు ఎట్లు గట్టిపడును? ఎండి గట్టిపడునని పలువురు తలంతురు. అది సరికాదు. సిమెంటు నీటితో రసాయనికముగా కలిసి రాయివలె మారును. నీరు ముందే ఆరిపోయినచో ఆ మార్పు నడుమనే ఆగును. గింజ పాలుపోసుకొను వేళ చేనికి నీరందనిచో తాలు మిగులును గదా! భారతీయ ప్రమాణము ఐ.ఎస్. 456 ప్రకారము సాధారణ సిమెంటునకు కనీసము 7 దినములు, బూడిద కలిసిన పి.పి.సి. వంటి సిమెంటునకు 10 దినములు తడి ఆరనీయరాదు. మన వేసవివంటి పొడి వేడిమిలో ఇవి క్రమముగా 10, 14 దినములగును. గోనె పట్టాలు పరచి తడుపుచుండవలెను. పూర్తి బలమును 28 దినములకు లెక్కింతురు. 7 దినములకు వచ్చునది అందులో సుమారు మూడింట రెండు వంతులు మాత్రమే.

కమ్మి నిలుపుటకు రెండు పద్ధతులు కలవు.

మొదటిది, ఉత్తమమైనది, కాంక్రీటు పోయుటకు ముందే గుంటలకు చోటు విడుచుట. నిలువు గొట్టములు వచ్చుచోట్ల 3 లేక 4 అంగుళముల వెడల్పు, 6 అంగుళముల పొడవు గల ప్లాస్టిక్ గొట్టపు ముక్కలకు నూనె రాచి నిలుపవలెను. కాంక్రీటు బిగిసిన పిదప వానిని తీసివేయవలెను. కొయ్యముక్కలు తడికి ఉబ్బి పగుళ్లు తెచ్చును గనుక పనికిరావు. మెట్లకు నీరు పట్టు దినములు ముగిసిన తరువాత జస్తా పూత గల ఇనుప గొట్టములను గుంటలలో నిలిపి, తూకపు గుండుతో సరిచూచి, కర్రలతో ఊతమిచ్చి, కుదించుకొనని గ్రౌటుతో నింపవలెను. గొట్టము మొదట గ్రౌటు కొంచెము ఎత్తుగా, వెలుపలికి వాలుగా ఉండవలెను. నీరు నిలిచినచో ఇనుము త్రుప్పుపట్టును; త్రుప్పు ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమించి కాంక్రీటును లోపలినుండి పగులగొట్టును. గొట్టపు పైకొనకు మూత వేయుట మరువరాదు. గ్రౌటు వేసిన వారము దినముల వరకు ఎవరును దానిని పట్టుకొనరాదు.

రెండవది, ఇదివరకే పోసిన మెట్లకు పలక పెట్టి యాంకర్ బోల్టులు బిగించుట. ఇందుకు 28 దినములు ఆగవలెను. పచ్చి కాంక్రీటులో బోల్టు వ్యాకోచించునపుడు చుట్టును చిట్లును. మెట్టు అంచునకును రంధ్రమునకును నడుమ కనీసము 4 అంగుళములు విడువనిచో అంచు పెట్లిపోవును. రంధ్రములోని పొడిని పూర్తిగా ఊదివేయవలెను. పొడి మిగిలినచో బోల్టు పట్టు తప్పును.

ఇక కొలతలు. మెట్టు ముందంచునుండి కమ్మి పైభాగము సుమారు 3 అడుగుల ఎత్తున ఉండవలెను. కమ్మి గుండ్రముగా, ఒకటింబావు మొదలు 2 అంగుళముల లోపు లావుగా ఉన్నచో పిడికిలి చక్కగా పట్టును. నిలువుల నడుమ దూరము 4 అడుగులు మించనీయకుండుట మేలు. గోడకు బిగించినచో కమ్మికిని గోడకును నడుమ 2 అంగుళములు విడువవలెను. పైనను క్రిందను కమ్మి ఒక్కొక్క అడుగు ముందుకు సాగి, పైట, పంచె తగులుకొనకుండ కొన వంగి ఉండవలెను. వెల్డింగు చేసినచోట జస్తా పూత కాలిపోవును. ఆ పొగ పీల్చరాదు, పిమ్మట అచ్చట జస్తా రంగు తప్పక వేయవలెను.

మేస్త్రీకి తుది సొమ్ము చెల్లించుటకు ముందు ప్రతి నిలువును పైకొన పట్టి బలముగా ప్రక్కకు త్రోసి చూడుడు. సుమారు 90 కిలోల త్రోపునకు అది ఓర్వవలెను. కమ్మి రవంత వంగి తిరిగి రావచ్చును గాని, మొదట కదలికయు బీటయు కనబడరాదు. కనబడినచో మరల వేయింపుడు.

మెట్లకు అంచనా వ్రాయు దినముననే కమ్మికిని అంచనా వ్రాయుడు. పోయుటకు ముందు విడిచిన గుంటకు వ్యయము స్వల్పము; పోసిన పిదప తొలుచుటకు వ్యయమును అధికము, బలమును తక్కువ.