అనుమానం – హేతువు

చార్మినారుకు పడమటి దిక్కున సాగే వీధి లాడ్ బజార్. కరిగించిన లక్కను చేతితో చుట్టి, రాళ్లు పొదిగి చేసే గాజులకు అది ప్రసిద్ధం. ఆ వీధికి కూతవేటు దూరంలోనే మక్కా మసీదు ఉన్నది.

2007 మే 18న, శుక్రవారపు ప్రార్థన వేళ, ఆ మసీదులో బాంబు పేలి 9 మంది మరణించారు. అనంతరం జరిగిన పోలీసు కాల్పులలో మరి ఐదుగురు అసువులు బాశారు. దర్యాప్తు పేరిట పాతబస్తీకి చెందిన ముస్లిం యువకులు అనేకులను నిర్బంధించారు. తమను చిత్రహింసలు పెట్టారని వారు చెప్పుకొన్నారు. మోపిన కుట్ర కేసులు న్యాయస్థానంలో నిలువలేదు. జాతీయ మైనారిటీ కమిషన్ సిఫారసుపై ప్రభుత్వం, నిర్దోషులుగా తేలిన 20 మందికి 3 లక్షల రూపాయల వంతున, విచారించి విడిచిన 50 మందికి 20 వేల వంతున పరిహారం ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. దర్యాప్తు వేరొక వర్గం వైపు మళ్లి, 2018లో ఆ కేసులోని ఐదుగురు నిందితులు కూడా నిర్దోషులుగా విడుదలయ్యారు. 14 ప్రాణాలు పోయిన నాటి ఘటనలో బాంబు పెట్టినదెవరో తేలనే లేదు.

'అనుమానం' అన్న మాటకు వాడుకలో సందేహమని అర్థం. తర్కశాస్త్రంలో మాత్రం అది ప్రమాణాలలో ఒకటి. కొండపై పొగను చూసి అక్కడ నిప్పున్నదని ఊహించడం అనుమానం. పొగ అక్కడ హేతువు. హేతువులా కనిపించి హేతువు కానిది హేత్వాభాస. టోపీ, గడ్డం, బురఖా, పాతబస్తీ చిరునామా – ఇవి పొగ కావు. మన పూర్వులు ఇంత సూక్ష్మంగా విడదీసిన రెండింటినీ వాడుకభాష ఒకే మాటలో కలిపివేయడం చిత్రమే!

రహదారిపై తనిఖీ అక్కరలేదని ఎవరూ అనరు. మద్యం సేవించినవారిని పట్టుకొనడానికి వచ్చిన ప్రతి వాహనాన్నీ వరుసగా ఆపి ఊపిరిని పరీక్షించినపుడు ఎవరికీ అవమానం కలుగదు. పదిమందిలో ఒక్కరిని రూపం చూసి ఆపినపుడు తక్కిన తొమ్మండుగురి చూపులు కూడా అతనిపై పడతాయి. అతడు మరునాడు వీధిలో దొంగను చూచినా, ఠాణా గడప తొక్కడానికి జంకుతాడు. సాక్షి జంకితే కేసు నిలువదు. ఈ నష్టం లాడ్ బజార్ వర్తకునిదే కాదు, పోలీసులది కూడా.

2021 మే నెలలో, లాక్‌డౌన్ కాలంలో, పాతబస్తీలో ఒక సామాజిక కార్యకర్తను పోలీసులు ఆపి, ముఖానికున్న మాస్కు తీయమన్నారు. అతడు నిరాకరించినా ఫోటో తీశారు. ఏ నేరానికి? ఏ చట్టం కింద? ఆ ఫోటో ఎక్కడికి చేరింది? ముఖాలను యంత్రంతో గుర్తించే పద్ధతిని ప్రశ్నిస్తూ అతడు హైకోర్టు మెట్లెక్కాడు. 2022 జనవరిలో న్యాయస్థానం సమాధానం కోరుతూ ప్రభుత్వానికి నోటీసు జారీచేసింది.