పౌరుషంతో పని కాదు, అల్లుడూ

ఏలూరు,
28 డిసెంబరు 2025.



నువ్వు ఫోన్లో చెప్పిందంతా విన్నాను. మన రాష్ట్రం 2020లోనే నిషేధించిన ఆన్‌లైన్ రమ్మీని అడ్డదారిలో ఆడావు. మొన్న ఆగస్టులో కేంద్రం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ దేశమంతటా నిషేధిస్తే, ఎవరో పంపిన లింకు పట్టుకుని క్రికెట్ బెట్టింగులో దిగావు. ఇంత చెప్పి ఆఖర్న, "నాకు విల్ పవర్ లేదు మావయ్యా, పండగ వెళ్లాక కొల్లేటికోట పెద్దింట్లమ్మ మీద ఒట్టేసి మానేస్తా" అన్నావు. ఆ ఆఖరి మాట గురించే ఈ ఉత్తరం. అమ్మవారికి దణ్ణం పెట్టుకో, మంచిదే. మానడం మాత్రం ఒట్టు మీద వదలకు.

నువ్వు పంపిన స్టేట్‌మెంట్ చూశాను. బ్యాంకులో పనిచేసి రిటైరైన వాణ్ణి, నాకు ఆ కాగితమే ఎక్కువ చెబుతుంది. జీతం పడ్డ రోజు రాత్రి పదకొండు దాటాక 200, మళ్లీ 200, 500, ఇంకో 500. మధ్యలో 1,800 జమ. ఆ తర్వాత వరసపెట్టి డెబిట్లే. పగలు మాత్రం టీ డబ్బులు తప్ప ఒక్క ఎంట్రీ లేదు. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మండీలో లారీ దిగిన దగ్గర్నుంచి కమీషను కట్టేదాకా రూపాయి తేడా రానివ్వని గుమాస్తావి నువ్వు. లెక్క రాక పోగొట్టుకున్నావా? పగలంతా ఆడకుండా ఉండగలిగినవాడికి నిగ్రహం లేదనగలమా? రాత్రి, గది, మంచం, చేతిలో ఫోను, ఈ నాలుగూ కలిసినప్పుడే నీ చెయ్యి అటు పోతోంది.

2011లో అమెరికాలో డేవిడ్ నీల్, వెండీ వుడ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం ప్రచురించారు. సినిమాహాల్లో కొందరికి తాజా పాప్‌కార్న్, కొందరికి వారం కిందటిది ఇచ్చారు. హాల్లో పాప్‌కార్న్ తినే అలవాటు ముదిరినవాళ్లు మెత్తబడ్డదాన్ని కూడా తాజాదానితో సమానంగా తిన్నారు. బాగాలేదని వాళ్లకి తెలుసు, అయినా తిన్నారు. మీటింగు గదిలో కూర్చోబెట్టి ఇస్తే మాత్రం పాతదాన్ని తక్కువే తిన్నారు. ఇంకోసారి హాల్లోనే, వాటం కాని చేత్తో తినమన్నారు. అప్పుడూ పాతది తినడం తగ్గిపోయింది. వాళ్లకి ఎవరూ నీతులు చెప్పలేదు. చోటు మారింది, చెయ్యి మారింది, అంతే.

మన కొల్లేటి వైపు చేపల చెరువుల్లో చూశావుగా. తవుడూ చెక్కా కలిపి, అడుగున చిల్లులు పెట్టిన సంచుల్లో నింపి, పొద్దున్నే పడవ మీద వెళ్లి కర్రలకి కడతారు. నాలుగు రోజులు తిరిగేసరికి శీలావతీ బొచ్చే ఆ వేళకి ఆ కర్ర దగ్గరికే వచ్చి మూగుతాయి. వాటిని చెదరగొట్టాలంటే చెరువంతా కలియబెట్టక్కర్లేదు, కర్ర పీకేస్తే చాలు.

ఈ అలవాటు సంగతి సగమే. మిగతా సగం జూదంలో ఉంది. బి.ఎఫ్. స్కిన్నర్ అనే ఆయన పావురాలతో, ఎలుకలతో ఏళ్ల తరబడి పరీక్షలు చేశాడు. మీట నొక్కిన ప్రతిసారీ గింజ వస్తే, గింజలు ఆపేశాక ఆ ప్రాణి త్వరగానే విసుగెత్తి మానేస్తుంది. ఎప్పుడొస్తుందో తెలియకుండా ఒకసారి మూడు నొక్కులకీ, ఒకసారి ముప్ఫై నొక్కులకీ వస్తే, గింజలు పూర్తిగా ఆపేసినా అది చాలాసేపు నొక్కుతూనే ఉంటుంది. ఫెర్‌స్టర్‌తో కలిసి 1957లో ఆయన ఈ ఫలితాలన్నీ పెద్ద పుస్తకంగా వేశాడు. నీ స్టేట్‌మెంట్‌లో ఆ 1,800 జమ ఉంది చూడు, నిన్ను కట్టిపడేసింది అదే. అది కూడా రాకపోయి ఉంటే ఎప్పుడో విసిగి పడుకునేవాడివి.

"ఒక్క ముక్క తేడాతో పోయింది మావయ్యా" అన్నావు కదా. దాని మీదా పరిశోధన ఉంది. కేంబ్రిడ్జిలో ల్యూక్ క్లార్క్ బృందం జూదం యంత్రం లాంటి ఆట ఆడిస్తూ మెదడుని స్కాన్ చేసి 2009లో ప్రచురించింది. గెలిచినప్పుడు పనిచేసే మెదడు భాగాల్లో కొన్ని, కొద్దిలో తప్పిపోయినప్పుడు కూడా మేలుకున్నాయి. ఆడేవాళ్లకి అది ఓటమిగా బాధ పెడుతూనే, ఇంకోసారి ఆడదామనీ అనిపించింది. కొద్దిలో పోయినా, పూర్తిగా పోయినా పోయిన డబ్బు ఒకటే. నీ లోపల మాత్రం కొద్దిలో పోయింది గెలుపు లెక్కలో పడుతోంది.

మన వైపు సంక్రాంతి బరులు నీకు కొత్త కాదు. కత్తి కట్టిన డేగా కాకీ పుంజులు ఒక పక్క, గుండాట, కోతాట ఇంకో పక్క. 1960 నాటి జంతుహింస చట్టం, 1974 నాటి గేమింగ్ చట్టం ఉన్నా పండగ మూడు రోజులూ ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. అక్కడ కొంపలు గుల్లయినవాళ్లు మన చుట్టాల్లోనే ఉన్నారు. అయినా కనుమ దాటితే బరి ఎత్తేస్తారు, జనం ఇళ్లకి పోతారు. నీ ఫోన్లో బరి ఏ రాత్రీ ఎత్తరు.

ఇప్పుడు చెయ్యాల్సింది చెబుతాను. రాత్రి భోజనం అవగానే ఫోను కింద ఓనరుగారింట్లో ఛార్జింగుకి పెట్టి రా. పొద్దున్న లేవడానికి ఒక అలారం గడియారం కొనుక్కో. జీతం పడే ఖాతాకి యూపీఐ తీసేయించు. ఖర్చులకి వేరే ఖాతాలో వారానికి సరిపడా మాత్రమే ఉంచు. ఆ లింకులు పంపే గ్రూపుల్లోంచి బయటికి రా. అప్పు తీర్చడానికి లోన్ యాప్ జోలికి మాత్రం పోకు. ఇవన్నీ చిన్న పనుల్లా కనిపిస్తాయి. కానీ ఆట మీద మనసు పుట్టిన ఆ కాసేపట్లో చెయ్యి చాచితే అందకుండా ఉండటమే కావలసింది. నువ్వు ఆడకుండా ఉంటే ఆ కోరిక ఎగసి, మెల్లగా అదే దిగుతుంది.

చోటు మారితే మనిషి మారతాడా అని నీకు అనుమానం రావచ్చు. వియత్నాం యుద్ధంలో హెరాయిన్‌కి బానిసలై తిరిగొచ్చిన అమెరికా సైనికుల్ని లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు 1970లలో వెంబడించి చూసింది. ఇంటికొచ్చిన మొదటి ఏడాదిలో మళ్లీ బానిసలైనవాళ్లు నూటికి ఐదుగురే. అందరికీ అన్నీ అంత సులువుగా వదలవు, నిజమే. కానీ ఒకసారి పట్టుకుంటే ఇక జన్మకి వదలదన్న మాట నమ్మకు.

చోటు మార్చినా ఆగకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లాలి, అందులో నామోషీ లేదు. 2013లోనే అమెరికా మానసిక వైద్యులు జూదాన్ని మద్యం, మత్తుమందుల పక్కన వ్యసనాల జాబితాలో చేర్చారు. వాళ్ల లెక్కలో లక్షణాలు తొమ్మిది. పోయింది రాబట్టుకోవాలని మళ్లీ ఆడటం, ఆట గురించి అబద్ధాలు చెప్పడం, మానబోయి మానలేకపోవడం, డబ్బుకి ఇంకొకళ్ల మీద ఆధారపడటం అందులోవే. ఏడాదిలో నాలుగు కనిపిస్తే జబ్బు కిందే లెక్క. నీకెన్ని ఉన్నాయో నువ్వే చూసుకో. ఏలూరులో ఆశ్రం మెడికల్ కాలేజీ ఉంది, ఇప్పుడు ప్రభుత్వ మెడికల్ కాలేజీ కూడా వచ్చింది. మానసిక వైద్యుల్ని అడిగితే సీబీటీ అని మాటలతో చేసే చికిత్స గురించి చెబుతారు. బెంగళూరు నిమ్హాన్స్‌లో ఫోను, ఇంటర్నెట్ వ్యసనాలకే 2014 నుంచి ప్రత్యేకంగా ఒక క్లినిక్ నడుస్తోంది. ఎప్పుడైనా రాత్రిపూట బతుకు మీదే విసుగు పుడితే ముందు నాకు ఫోన్ చెయ్యి. నేను ఎత్తకపోతే 14416కి చెయ్యి. అది టెలి మానస్, కేంద్రం 2022లో పెట్టింది. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు, ఏ వేళయినా పలుకుతారు.

ఎన్నాళ్లు పడుతుందంటావా? లండన్‌లో ఫిలిప్పా లాలీ 96 మందికి తలా ఒక చిన్న మంచి అలవాటు నేర్పబోతే, అది చెయ్యి తిరిగేసరికి మామూలుగా 66 రోజులు పట్టింది. కొందరికి 18 చాలాయి, కొందరికి 254 దాకా పడుతుందని లెక్క తేలింది. మధ్యలో ఒక రోజు తప్పితే పెద్ద నష్టమేమీ రాలేదు. ఆ చివరి మాట గుర్తుపెట్టుకో. ఒట్టుకి ఈ వెసులుబాటు లేదు. ఒకసారి తప్పితే ఒట్టు గట్టున పడినట్టే, ఇక ఎలాగూ పోయిందిగా అని తెల్లవార్లూ ఆడతావు. ఫోను కింద పెట్టే అలవాటు ఒక రాత్రి తప్పితే మర్నాడు మళ్లీ పెట్టుకోవచ్చు.

పండగకి మీ వాళ్లు భీమవరం వైపు రమ్మంటారు. రానని వాళ్లతో వాదన పెట్టుకోకు. భోగికి ముందురోజే రైలెక్కి ఏలూరు వచ్చెయ్. వచ్చేటప్పుడు ఎవరి దగ్గర ఎంత తెచ్చావో, వడ్డీ ఎంతో ఒక కాగితం మీద రాసుకుని రా. ఒక్కటి కూడా దాచకు. నీ చేతికి రూపాయి ఇవ్వను. ఎవరికి ఎంత ఇవ్వాలో వాళ్లకే నెలనెలా నీ జీతంలోంచి కడదాం, మొదటి రెండు నెలలూ తగ్గింది నేను సర్దుతాను. మీ అమ్మకి మాత్రం నువ్వే చెప్పాలి. నేను పక్కన కూర్చుంటాను.

ఉంటాను.

మీ మావయ్య